ఫోటోలో మిగిలిన చెప్పు

ఆవిరక్క కుడిచెయ్యి కాలింది తొమ్మిదో తారీఖున. అది ఆమె తప్పేనని కంపెనీకి తెలిసింది పన్నెండున. మధ్యలో ఆ మూడు రోజులూ కంపెనీ ఏం చేసిందన్నదే ఈ కథ.

మాది బట్టలుతికే ఫ్యాక్టరీ. నాలుగు ఆసుపత్రుల దుప్పట్లు, ఆరు హోటళ్ల తెల్లగుడ్డలు పొద్దున లారీల్లో వస్తాయి, సాయంత్రానికి మడతలై వెళ్తాయి. ఉతికేవాళ్లు, పిండేవాళ్లు, ప్రెస్సు మీద నిలబడేవాళ్లు, నాలాగా మడతలు పెట్టేవాళ్లు, అంతా కలిపి నలభై మందిమి. ప్రెస్సులు ఎనిమిది. ప్రెస్సంటే నడుమెత్తు ఇనప బల్ల, దాని పైన ఆవిరితో కాగే ఇనప పలక. గుడ్డ పరిచి కాలితో పెడల్ తొక్కితే పలక దిగుతుంది. పలక ముందు ఒక ఎర్ర కడ్డీ ఉండాలి. చెయ్యి పొరపాటున లోపల ఉండిపోతే ఆ కడ్డీ తగిలి ప్రెస్సు ఆగిపోతుంది. ఉండాలి అన్నాను. ఉంది అనలేదు.

మూడో నంబరు ప్రెస్సుకు కడ్డీ వదులైంది. గుడ్డ అంచు తగిలినా టక్కున ఆగేది. గంటకు నలభై దుప్పట్లు దిగాల్సిన చోట ముప్ఫై దిగాయి. మేనేజరు వచ్చి చూశాడు. బాగుచెయ్యమనలేదు, పీకెయ్యమన్నాడు. మెకానిక్కు బాబాయి పీకి గోడకు ఆనించాడు. నలభై రోజులు ఆ కడ్డీ గోడ దగ్గర నిలబడి మా మొహాలు చూసింది. మేమూ దాని మొహం చూశాం. ఎవరూ నోరు మెదపలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మమ్మల్ని చూసి ఎవరూ వీరులని మోసపోకుండా.

తొమ్మిదిన పొద్దున పదిన్నరకు దుప్పటి మూల ముడుచుకుంటే సరిచేద్దామని మూడో నంబరు మీద పనిచేసే ఆవిరక్క చెయ్యి పెట్టింది. పలక దిగింది. నాలుగు వేళ్లు, అరచేతిలో సగం. మురికి గుడ్డలు తోసే బండిలోనే ఆమెను కూర్చోబెట్టి గేటు దాకా తోశాం. ఆ కంగారులో ఎడమకాలి చెప్పు ప్రెస్సు కింద ఉండిపోయింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని పడుకుని, కప్పిన దుప్పటి మూల పట్టుకుని చూసింది. అది మా దగ్గర్నుంచి వచ్చిన దుప్పటే.

"ఇది నేను చేసిందే," అంది.

"బాగా చేశావులే అక్కా, పడుకో," అన్నాను.

"ఏం బాగు. మూల సరిగ్గా రాలేదు," అని దుప్పటి మూల వదిలేసి, "నా చెప్పు ఏదే?" అంది.

నీలం పట్టీ చెప్పు. పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. పలక కింద పడి చెయ్యి ఉడికిపోయిన మనిషి తెగిన చెప్పు కోసం నన్ను మూడుసార్లు అడిగింది. నేను ఫ్యాక్టరీకి వెళ్లి అడిగితే మూడో నంబరు ప్రెస్సు దగ్గరికి పోనివ్వలేదు. ఊడ్చిపారేశారన్నారు. ఆవిరక్క ఒంటిచెప్పుతో ఇంటికి వెళ్లింది.

పన్నెండున నోటీసు వచ్చింది. అందులో ఉన్నది ఇది: మూడో నంబరు ప్రెస్సుకు రక్షణ కడ్డీ భేషుగ్గా ఉంది. సదరు కార్మికురాలు ఎక్కువ దుప్పట్లు దించాలన్న దురాశతో దాన్ని తానే ఊడదీసింది. అందువల్ల తన చెయ్యి తానే కాల్చుకుంది. ఉద్యోగం నుంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పాలి. విచారణ ఇరవయ్యో తారీఖున. సాక్ష్యం: కడ్డీ బిగించి ఉన్న ప్రెస్సు ఫోటో, మూడో తారీఖున తీసినది.

నోటీసులో ఉన్నది రుజువైతే ఆమె పని అయిపోయినట్టే. కాలిన చెయ్యి వేసుకుని వెళ్తే ఇంకో గేటు తెరుచుకోదు. అందులోనూ మిషను రక్షణ ఊడదీసిన మనిషని కాగితం చేతికిచ్చి పంపితే ఇళ్లలో అంట్లు తోమడానికి కూడా పిలవరు.

ఫోటో తీసింది పసుపు టోపీ. అతను మా భద్రతాధికారి. వర్షంలో తడిస్తే టోపీ రంగు పోతుందని గొడుగు వేసుకుని తిరిగే మనిషి. భద్రత అంటే అతని లెక్కలో ఫోటో. నిప్పు ఆర్పే డబ్బా ఉందా అంటే ఫోటో చూపిస్తాడు. డబ్బాలో మందు ఉందా అంటే ఫోటోలో డబ్బా ఎర్రగానే ఉంది కదా అంటాడు. అతను తీసిన ప్రతి ఫోటోకు కింద మూల పసుపు అక్షరాలతో తారీఖు ఉంటుంది. నోటీసులోని ఫోటో మీద కూడా ఉంది, మూడో తారీఖని, లావుగా, దూరం నుంచి కూడా కనపడేలా.

మేనేజరుకు ఇంకో పిచ్చి. మాది కాగితం లేని ఆఫీసు. గుమ్మం మీద అలాగే రాయించాడు, కాగితం మీద ప్రింటు తీయించి, పైన ప్లాస్టిక్కు అంటించి. ఉన్న ఒక్క ప్రింటరునూ తీయించేశాడు. కాబట్టి నోటీసు ఫోనుకు వచ్చింది. సాక్ష్యాలు చూసుకునే హక్కు కార్మికురాలికి ఉంది కనక, వాటిని పెన్‌డ్రైవులో వేసి, కవర్లో పెట్టి, కవరు మీద సంతకం తీసుకుని మరీ ఇచ్చాడు. ఫోటో ప్రింటు తీసి ఇచ్చి ఉంటే ఈ పాటికి ఆవిరక్క ఇంట్లో కూర్చుని ఉండేది, నేను ఈ కథ రాసేదాన్ని కాదు. మనిషిని ముంచేది శత్రువు కాదు, తన ముచ్చటే.

ఆవిరక్క ఇంట్లో కంప్యూటరు లేదు. నా ఇంట్లోనూ లేదు. ఆమె ఆడపడుచుకు బస్టాండు ఎదురుగా ఫోటో స్టూడియో ఉంది. ఉద్యోగాలకీ ఫారాలకీ అతికించే చిన్న ఫోటోలు తీస్తుంది. అక్కడికి వెళ్లాం, మధ్యాహ్నం మూడింటికి.

వెళ్లేసరికి ఆవిడ ఒక లావుపాటాయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, "గడ్డం పైకి. ఇంకా పైకి. మీకు రెండు గడ్డాలున్నాయి, పైది ఎత్తండి," అంటోంది. ఆయన్ని పంపించి మా వైపు తిరిగింది.

"ఏం వదినా, ఇన్నాళ్లకు దారి తెలిసిందా. చెయ్యి కాలితే గానీ ఆడపడుచు గుర్తు రాదు."

"నీ నోరు కాలినా బాగుండు," అంది ఆవిరక్క.

"నా నోరు కాలితే నీతో ఎవరు పోట్లాడతారు. మా అన్నయ్యతో అయ్యే పనా అది," అంటూ కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. కట్టు వైపు ఒక్కసారి చూసింది, ఇంక చూడలేదు. పెన్‌డ్రైవు కంప్యూటరుకు గుచ్చింది.

ఫోటో తెర మీదికి వచ్చింది. మూడో నంబరు ప్రెస్సు, మెరుస్తున్న ఎర్ర కడ్డీ, మూల పసుపు తారీఖు.

"ఇదిగో, మూడో తారీఖు. ఇంకేం చేస్తాం," అన్నాను.

"ఏది మూడో తారీఖు?"

"కనపట్టం లేదా, ఇంత లావున రాసుంటే," అంది ఆవిరక్క.

"అది ఫోటో మీద అంటించింది వదినా. సంచి మీద చీటీ లాంటిది. బియ్యం సంచి మీద చక్కెర అని అంటిస్తే లోపల చక్కెర అయిపోదు కదా." అని మౌసు నొక్కింది. పక్కన చిన్న అక్షరాల పట్టీ తెరుచుకుంది. "ఫోను ఫోటో తీసేటప్పుడు బొమ్మ ఒక్కటే తియ్యదు. ఏ ఫోను, ఏ తారీఖు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు, ఏ చోటు, అన్నీ రాసి బొమ్మ లోపలే దాచుకుంటుంది. అడిగినవాళ్లకు చెబుతుంది, అడగనివాళ్లకు చెప్పదు. ఇప్పుడు అడుగుదాం."

వేలు పెట్టి చూపించింది. తీసిన తారీఖు పదకొండు. సాయంత్రం నాలుగు గంటల యాభై రెండు నిమిషాలు. కింద ఫోను పేరు. దాని కింద చోటు అంకెల్లో ఉంటే వాటిని పటం మీద పెట్టింది. మా ఫ్యాక్టరీ రేకుల కప్పు మీద చుక్క పడింది.

నేను చదివినదాన్ని ఇంకోసారి చదివాను. పదకొండు. చెయ్యి కాలిన రెండు రోజులకు.

"దొంగ సచ్చినోడు," అన్నాను.

"ఉండండి, ఇంకా ఉంది," అంది ఆడపడుచు. "ఫోటో చుట్టూ కత్తిరించాడు. మా దగ్గరికి కూడా తెస్తారు ఇలాంటివి, పక్కనున్న మాజీ మొగుణ్ణి తీసెయ్యమని. పెద్ద బొమ్మ కత్తిరించినా, ఒక్కోసారి లోపల గోరంత బొమ్మ ఒకటి మిగిలిపోతుంది. ఫోను వరసగా ఫోటోలు చూపించడానికి పెట్టుకునే నకలు. తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. కత్తిరించిన యాప్ దాన్ని మార్చడం మర్చిపోతుంది. అన్నీ మర్చిపోవు. ఇది మర్చిపోయిందేమో చూద్దాం."

మర్చిపోయింది. పోస్టు బిళ్లంత బొమ్మ బయటికొచ్చింది. దాన్ని లాగి పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా అయింది గానీ మనుషులు తెలుస్తున్నారు. ఎడమ పక్క మెకానిక్కు బాబాయి వంగుని పానాతో కడ్డీ బిగిస్తున్నాడు. కుడి పక్క తల లేదు గానీ పొట్ట ఉంది, పొట్ట మీద చారల టై ఉంది. ఆ టై మా ఫ్యాక్టరీలో ఒక్కరే కడతారు. ఆ పొట్టకూ పోటీ లేదు.

ఆవిరక్క ఇవేవీ చూడటం లేదు. తెరకు మొహం ఆనించినంత దగ్గరికి వచ్చి, ఎడమచేతి వేలితో ప్రెస్సు కింద చూపించింది.

"నా చెప్పు," అంది.

నీలం గీత. ఒక్కటే చెప్పు, బోర్లా పడి ఉంది.

"ఊడ్చేశామన్నారే," అంది. "రెండు రోజులు అక్కడే ఉంది. వాళ్లు దాని పక్కనే నిలబడి ఫోటో తీసుకున్నారు."

ఆమె ఏడవడం నేను ఆసుపత్రిలో చూడలేదు. ఇప్పుడు చూశాను. ఆడపడుచు లేచి వెళ్లి షట్టరు సగం దించింది. "లోపలికి రాకండి, కరెంటు లేదు," అని బయటెవరికో చెప్పింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

ఇరవైన విచారణ. మేం అన్నం తినే గదిలోనే పెట్టారు. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచారు, దాని మూలన ఆసుపత్రి ముద్ర ఉంది. విచారణాధికారి ఎక్కడో ఫైళ్లు చూసి రిటైరైన పెద్దాయన. కంపెనీ పిలిస్తే వస్తాడు. ఇంతకుముందు మూడు విచారణలు చేశాడు, మూడింట్లోనూ కార్మికుడిదే తప్పు. తీర్పు ఆయన దగ్గర తయారుగానే ఉంటుంది, తారీఖూ పేరూ నింపుకోవడమే ఆలస్యం. కార్మికురాలి పక్షాన తోటి కార్మికురాలు మాట్లాడవచ్చు అని నిబంధన. నేను కూర్చున్నాను.

మొదలుపెట్టకముందే మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "మడతలు పెట్టుకునేదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ."

"మడతలు విప్పడం కూడా వచ్చు సార్."

"ఆ పెన్‌డ్రైవు ఆఫీసు ఆస్తి. చూసుకోవడం అయిపోతే ఇచ్చెయ్యాలి."

"ఇస్తాం సార్. మా సంతకం మీ దగ్గరుంది కదా, ఎక్కడికి పోతాం." బస్టాండు దగ్గర దానికి మూడు నకళ్లు ఉన్నాయని చెప్పలేదు. ఆయన అడగలేదు.

పసుపు టోపీ సాక్షి కుర్చీలో కూర్చున్నాడు. గదిలో కూడా టోపీ పెట్టుకునే ఉన్నాడు. పైనుంచి నిజం పడితే దెబ్బ తగులుతుందని కాబోలు. మూడో తారీఖున తనిఖీ చేశాననీ, కడ్డీ ఉందనీ, ఫోటో తీశాననీ చదివినట్టు చెప్పాడు. నా వంతు వచ్చింది.

నేను ఫోటో సంగతి ఎత్తలేదు. అందరి ఫోన్లకూ వచ్చిన సర్క్యులర్ తీసి చూపించాను. దాని కథ ఇది. రోజూ పొద్దున గేటు దగ్గర ఎవరి ఫోనుతో వాళ్లు సొంత మొహం ఫోటో తీసి పంపితే హాజరు. ఎనిమిదికి రెండు నిమిషాలు దాటితే సగం రోజు పోయినట్టే. ఒకసారి ఆవిరక్క ఏడు యాభై ఎనిమిదికే వచ్చింది, గేటు ముందు కుళాయి దగ్గర ఫోటో తీసుకుంది. చోటు నలభై అడుగులు బయట చూపించిందని సగం రోజు కోసేశారు. మనిషి లోపలే ఉంది కదా అంటే ఈ సర్క్యులర్ పంపారు.

"ఇది మీరు తయారుచేసిందేనా సార్?"

"అవును."

"ఒకసారి చదువుతారా."

పసుపు టోపీ గర్వంగానే చదివాడు. "ఫోటో లోపల నమోదైన సమయం, స్థలం మాత్రమే తుది సాక్ష్యం. నోటిమాటలకు, వాదనలకు తావు లేదు."

"లోపల నమోదైన సమయం అంటే ఏమిటి సార్? మేం చదువుకోలేదు."

"ఫోటో ఫైలు లోపల ఫోనే రాసుకుంటుందమ్మా. మనుషులు అబద్ధం చెప్పొచ్చు, ఫోను చెప్పదు," అన్నాడు. విచారణాధికారి తల ఊపి రాసుకున్నాడు.

"ఇది కార్మికులకేనా, అందరికీనా?"

"అందరికీ. మేనేజరు గారికైనా సరే." మేనేజరు కూడా నవ్వుతూ తలూపాడు. పాపం.

"అయితే సార్, మూడో తారీఖు ఫోటో ఫైలు తెరిచి, లోపలి సమయం ఏముందో కాస్త చదవండి."

ఎవరూ గుమ్మడికాయ దొంగ అనలేదు. పసుపు టోపీ చెయ్యి మాత్రం టోపీ తడుముకుంది. ఫోటో మీదే రాసి ఉంది కదా అన్నాడు. మీ సర్క్యులర్‌లో లోపల అని ఉంది, మీద అని లేదు అన్నాను. విచారణాధికారి ఆఫీసు కంప్యూటరు తన వైపు తిప్పుకుని, ఎక్కడ నొక్కాలో నన్నడిగి నొక్కాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"పదకొండు అని ఉందేమిటి?"

"ఫోన్లో గడియారం తప్పు తిరిగింది సార్," అన్నాడు పసుపు టోపీ వెంటనే. "సాంకేతిక లోపం."

"ఎనిమిది రోజులు ముందుకు తిరిగిందా?" అన్నాను.

"అలాగే అయ్యుంటుంది."

"ఆ ఫోనుతోనే కదా సార్ మీ హాజరు ఫోటో తీస్తారు?"

అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు దుప్పటి మీద ముద్ర చూస్తున్నాడు.

"మూడో తారీఖున మీ ఫోన్లో పదకొండు ఉంటే, ఆ రోజు మీ హాజరు పదకొండులో పడాలి. మూడున మీరు గైర్హాజరు. రాని మనిషి తనిఖీ ఎలా చేశారు? హాజరు సరిగ్గా మూడులోనే పడితే, గడియారం బాగానే ఉంది. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి, మాకు రెండూ ఒకటే."

అతను జేబురుమాలు తీసి టోపీ కింద తుడుచుకున్నాడు. ఆవిరితో కాగే పలక దగ్గర రోజూ పది గంటలు నిలబడతాం మేం. ఆ గదిలో ఫ్యాను కింద అతనికి పట్టినంత చెమట మాకెప్పుడూ పట్టలేదు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఇదంతా ఫోను గొడవండీ. అసలు విషయం కడ్డీ. ఆమే తీసింది. చూసినవాళ్లున్నారు."

"ఎవరు చూశారు?" అన్నాడు విచారణాధికారి. మొదటిసారి ఆయన తనంతట తాను అడిగిన ప్రశ్న అది. నకిలీ తారీఖుతో తన చేత సంతకం పెట్టించబోయారని ఆయనకు అప్పుడే అర్థమైంది. కార్మికురాలి మీద జాలి కాదు. తన పేరు మీద జాలి. ఏదైతేనేం, మాకు పనికొచ్చింది.

అప్పుడు గోరంత బొమ్మ తీయించాం. ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు. పానా చూశాడు. టై చూశాడు. తలెత్తి మేనేజరు మెడ చూశాడు. అదే చారల టై. ఆ రోజైనా మార్చుకుని రావలసింది.

"ఈ కింద నీలంగా ఉన్నదేమిటి?"

"నా చెప్పండీ," అంది ఆవిరక్క. పొద్దుటి నుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట. కుర్చీ కింద నుంచి సంచి తీసి, ఎడమచేత్తో కుడికాలి చెప్పు తీసి, ఆసుపత్రి ముద్ర ఉన్న దుప్పటి మీద పెట్టింది. "దీని జత. తొమ్మిదిన నన్ను బండిలో తోసుకెళ్లినప్పుడు జారిపోయింది. మూడో తారీఖున ఒంటిచెప్పు వదిలేసి నేను ఇంటికెందుకు వెళ్తానండీ. పిచ్చిదాన్నా."

మేనేజరు ముక్కు మూసుకుని, "బల్ల మీద చెప్పులా," అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మెకానిక్కు బాబాయిని పిలిపించారు. ఆయన నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. నాకు ఈయన దగ్గరే భయం. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. బొమ్మలో పానా పట్టుకున్నది ఆయనే.

"ఈ కడ్డీ ఎప్పుడు బిగించావయ్యా?" అన్నాడు విచారణాధికారి.

"పదకొండునండి. సాయంత్రం."

"మరి అంతకుముందు?"

"అంతకుముందు నలభై రోజులు గోడకుందండి. పీకెయ్యమంటే పీకాను, బిగించమంటే బిగించాను."

"ఇన్ని రోజులూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండి," అన్నాడు బాబాయి. తర్వాత ఆవిరక్క వైపు తిరిగి, "నన్ను తిట్టమ్మా, పడతాను," అన్నాడు.

"నిన్ను తిట్టడానికి టైముంది బాబాయ్, కూర్చో," అంది ఆవిరక్క. ఆ తిట్లు తర్వాత నిజంగానే తిట్టింది, అందరి ముందూ, పావుగంట సేపు. మాకూ వాటా ఇచ్చింది.

సాయంత్రానికి విచారణాధికారి తేల్చాడు. ఆరోపణ రుజువు కాలేదు, ఆమె ఉద్యోగంలో కొనసాగుతుంది, చెయ్యి మానేదాకా తేలిక పని ఇవ్వాలి. కంప్యూటరులో టైపు చేసి సంతకం పెట్టమన్నాడు. ఆవిరక్క నా చేత చదివించుకుంది.

"కడ్డీ లేదని ఇందులో ఎక్కడుంది?"

"ఆరోపణ రుజువు కాలేదంటే అదేనమ్మా అర్థం," అన్నాడు మేనేజరు.

"కాదు సార్. నేను తీశానో లేదో తెలియలేదని దానర్థం. రేపు ఇంకొకరి చెయ్యి కాలితే ఆ అర్థాన్నే మళ్లీ తీస్తారు. కడ్డీ లేదని రాయండి. ఎవరు పీకమన్నారో రాయండి. పదకొండున బిగించారని రాయండి. అప్పుడు పెడతాను."

"పని దొరికింది కదా, ఇంకా ఏంటమ్మా పంతం."

"చెయ్యి నాది సార్. మీ టై కాదు, సాయంత్రానికి విప్పి పక్కన పెట్టడానికి."

అరగంట నడిచింది. గుమ్మం దగ్గర ఉతికేవాళ్లు, పిండేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఎవరూ నినాదాలివ్వలేదు. మిషన్లు వాటంతటవే ఆగాయి, అంటే ఆపినవాళ్లు ఇక్కడున్నారని. లారీలు గేటు దగ్గర హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. ఆ హారన్లు వినగానే మేనేజరుకు న్యాయం మీద గౌరవం పుట్టుకొచ్చింది. మూడు వాక్యాలూ రాశారు.

సంతకానికి కాగితం కావాలి. మాది కాగితం లేని ఆఫీసు. ప్రింటరు లేదు. చివరికి ఫైలు ఆవిరక్క ఆడపడుచు స్టూడియోకు పంపారు. ఆవిడ దగ్గర మామూలు కాగితం అయిపోయిందట, ఫోటో కాగితం మీద తీసి తెచ్చింది. తీర్పు నిగనిగలాడుతూ వచ్చింది. ఆవిరక్క ఎడమచేత్తో సంతకం పెట్టింది, మూడు అక్షరాలకు మూడు నిమిషాలు పట్టింది. పెట్టాక ఫోను నా చేతికిచ్చి, "ఫోటో తియ్యి. వీళ్ల మొహాలు కూడా పడాలి," అంది. తీశాను. చుట్టూ ఏమీ కత్తిరించలేదు.

వారంలో ఎనిమిది ప్రెస్సులకూ కడ్డీలు బిగించారు. పసుపు టోపీని తీసెయ్యలేదు. తీసేస్తే నోరు విప్పుతాడని భయం. మేనేజరూ ఉన్నాడు, టై మార్చాడు. కొత్త సర్క్యులర్ వచ్చింది. ఇకపై సాక్ష్యంగా ఇచ్చే ఫోటోలన్నీ కాగితం మీద ప్రింటు తీసినవై ఉండాలి, ఫైళ్లు ఎవరికీ ఇవ్వబడవు. దానికోసం ప్రింటరు కొన్నారు. కాగితం లేని ఆఫీసు అన్న బోర్డు మాత్రం తీయలేదు. దాని కిందే ప్రింటరు పెట్టారు.

మొన్న పసుపు టోపీ కొత్త కడ్డీలకు ఫోటోలు తీయడానికి వచ్చాడు. ఒకటో నంబరు ప్రెస్సు ముందు ఫోను ఎత్తి, దించి, "ఈ చెప్పు ఎవరిది, తియ్యండి," అన్నాడు. ఎవరూ కదల్లేదు. రెండో నంబరు దగ్గరికి వెళ్లాడు. అక్కడా ఒక చెప్పు. మూడో నంబరు కింద ఆవిరక్క ఒంటిచెప్పు, పిన్నీసు లేని కుడికాలిది. ఎనిమిదింటి కిందా ఎనిమిది ఒంటిచెప్పులు. ప్రెస్సుల మీది వాళ్లందరూ ఒక కాలు నేల మీద, ఒక కాలు చెప్పులో పెట్టుకుని దుప్పట్లు దించుతున్నారు.

"ఏంటిది, ఆటలా?" అన్నాడు.

తేలిక పని కింద గుడ్డలు లెక్కపెడుతున్న ఆవిరక్క తలెత్తకుండానే, "ఫోటో తీసుకోండి సార్," అంది. "కత్తిరించుకోవడం మీకు వచ్చు కదా."